వంతెన మీద ఆగిన భేరి

వీరభద్రం మాస్టారు పోయిన మర్నాడు నా మీద టీ గ్లాసులు పెట్టారు.

నేను ఒక బల్లను కాను. ములకలపాడు హైస్కూలు బ్యాండులో పెద్ద డ్రమ్మును. ఆ రోజు స్టాఫ్ రూములో సంతాప సభ జరిగింది. కుర్చీలన్నీ గోడవారకు జరిపారు. ఉన్న ఒక్క బల్లనూ మాస్టారి ఫోటోకు ఇచ్చారు. గ్లాసులు పెట్టుకోవడానికి ఎత్తుగా, చదునుగా కనపడింది నేనే. హెడ్మాస్టరు ప్రకాశరావు గారు లేచి, డ్రిల్లు మాస్టారు లేని లోటు తీరేది కాదన్నారు. తర్వాత మాట్లాడిన వాళ్లందరూ అదే మాట అన్నారు. అందరూ నిలబడి మౌనం పాటించారు. మౌనం అయిపోగానే ఎవరో గ్లాసు ఖాళీ చేసి మళ్లీ నా మీదే పెట్టారు. చిన్న చప్పుడే. మాస్టారు ఉంటే ఆ చప్పుడుకు తల తిప్పి చూసేవారు.

జూలై నెల. బడి నుంచి ఇంటికి వెళ్తూ, మధ్యలో సైకిలు దిగి, మందుల షాపు అరుగు మీద కూర్చున్నారట. కూర్చున్నవారు అలాగే ఒరిగిపోయారట. నేను చూడలేదు. ఆ సాయంత్రం నాకు గుడ్డ కప్పి, ఆటల గది తలుపు దగ్గరగా వేసి వెళ్లారు. నాకు తెలిసింది అంతవరకే.

ఆయన భార్య హైమవతి టీచరు అదే బడిలో సోషల్ చెబుతారు. పెద్దకర్మ అయ్యాక బడికి వచ్చారు. ఇంకొన్నాళ్లు సెలవు పెట్టుకోవలసిందని అందరూ అన్నారు. "పాఠాలు వెనకబడ్డాయి" అన్నారు ఆవిడ. మధ్యాహ్నం ఎవరూ లేని సమయం చూసి, ఒక గుడ్డ తడిపి గట్టిగా పిండి, నా మీద ఉన్న గుండ్రటి మరకలు తుడిచారు. కొన్ని పోయాయి. కొన్ని పోలేదు. పోనివాటిని ఆవిడ మళ్లీ రుద్దలేదు.

నన్ను మీరట్‌లో చేశారు. అక్కడ ఒక వీధి వీధంతా నావంటి వాళ్లే. చేయడం పూర్తికాగానే ఒకాయన నన్ను ఒళ్లో పెట్టుకుని గట్టిగా ఒక దెబ్బ వేసి, చెవి ఒగ్గి విని, తృప్తిగా పక్కన పెట్టాడు. డ్రమ్ములకు పుట్టినరోజు ముద్దు అదే. గడ్డిలో చుట్టి రైలెక్కించారు. దిగేసరికి భాష మారింది, ఉక్క పెరిగింది. ములకలపాడు రైసు మిల్లు సాంబశివరావు గారు నన్ను బడికి బహూకరించారు. నా పొట్ట చుట్టూ ఎర్ర రంగుతో ఆయన పేరు, వాళ్ల నాన్నగారి పేరు, మిల్లు పేరు రాయించారు. బడి పేరు కింద ఒక మూల ఇరుక్కుని ఉంటుంది. మనుషులు ఇచ్చిన వస్తువును పూర్తిగా ఇవ్వరని నాకు ఆ రోజే తెలిసింది. పేరు రాసి, కొంత తమ దగ్గరే ఉంచుకుంటారు.

ఏడాది పొడుగునా నాకు పెద్దగా పని ఉండదు. ఆటల పోటీలు, అప్పుడప్పుడు ఒక ర్యాలీ. నా అసలు పండుగ ఆగస్టు పదిహేను. ఆ ఉదయం బడి పిల్లలంతా వరుసలు కట్టి, జెండాలు పట్టుకుని, నినాదాలు ఇస్తూ ఊరంతా తిరుగుతారు. దాన్ని ప్రభాత భేరి అంటారు. ముందు నేను, నా వెనక చిన్న డ్రమ్ములు, వాటి వెనక ఊరి పిల్లలందరూ. గుమ్మాల్లో ముగ్గులు వేసి ఉంటాయి. ఆడవాళ్లు కొంగులు సర్దుకుంటూ బయటికి వస్తారు. కొన్ని ఇళ్ల దగ్గర బిస్కెట్లు, కొన్ని ఇళ్ల దగ్గర అరటిపళ్లు. ఊరు నిద్ర లేచేది నా మోతతోనే అని నేను కొంతకాలం గర్వపడ్డాను.

ఊరంటే ఏదో నాకు అప్పటికి తెలియదు. బడి గేటు నుంచి బజారు, బజారు నుంచి పంచాయతీ ఆఫీసు, అక్కడి నుంచి మిల్లు, మిల్లు దాటితే కాలవ గట్టు. కాలవ మీద వంతెన. వంతెన దగ్గర మాస్టారు ఈల వేసేవారు. ఈల వేయగానే మేం వెనక్కి తిరిగేవాళ్లం. వంతెన అవతల ఇళ్లు కనపడుతూనే ఉండేవి. అక్కడి మనుషులు గట్టు మీదికి వచ్చి నిలబడి చూసేవాళ్లు. వాళ్ల పిల్లలు మా వరుసల్లోనే ఉండేవాళ్లు. వంతెన దగ్గర వెనక్కి తిరిగేటప్పుడు ఆ పిల్లలు తలలు వంచుకునేవాళ్లు. పిల్లలకు కాళ్లు నొప్పి పుట్టి ఉంటుందనుకునేదాన్ని.

ఆ అవతలి వైపును ఊళ్లో పేట అంటారు. అక్కడికి నేను మొదటిసారి వెళ్లింది మోగుతూ కాదు, చిరిగి.

ఒక ఏడు వార్షికోత్సవానికి వేదిక కట్టేవాళ్లు నా మీద ఎక్కి తోరణాలు కట్టారు. కుడి పక్క తోలు పిగిలిపోయింది. మాస్టారు నన్ను సైకిలు వెనక కట్టుకుని వంతెన దాటి, ఇర్మియా ఇంటికి తీసుకువెళ్లారు. ఇర్మియా డప్పులు కడతాడు. ఆయన నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, "ఎవురో కూకున్నారు దీని మీద" అన్నాడు.

"కూర్చోలేదు, నిలబడ్డారు" అన్నారు మాస్టారు.

"అదీ నిజమే సారూ. మన వస్తువు మీద ఎప్పుడూ ఎవురో ఒకరు నిలబడతానే ఉంటారు."

నానబెట్టిన మేక తోలు నా మీద పరిచి, చుట్టూ కట్టు బిగించి, ఎండలో ఆరబెట్టాడు. ఆరిన తర్వాత ఎండుగడ్డి మంట వేసి, దగ్గరగా పట్టి కాచాడు. అప్పటి దాకా నాకు ఆ సంగతి తెలియదు. ఆగస్టు గాలిలో చెమ్మ ఎక్కువ, తోలు మెత్తబడుతుంది, కాస్త సెగ చూపిస్తే గొంతు తిరిగి వస్తుంది. ఆయన వేలితో ఒక దెబ్బ వేశాడు. మీరట్‌లో వచ్చిన మోతకంటే అది బాగుంది.

మాస్టారు సంతోషపడ్డారు. "ఆగస్టు పదిహేనున దీని మోత నువ్వు వినాలి ఇర్మియా" అన్నారు.

"ఇంటానే ఉన్నాం గదా సారూ, ఏటేటా. కాలవకి ఇటుపక్క నిలబడి."

మాస్టారు సైకిలు హ్యాండిలు పట్టుకున్నారు. ఇర్మియా నన్ను సైకిలు మీదికి ఎత్తి కట్టి, తాడు బిగిస్తూ అన్నాడు. "ఒక్క ఏడు మా ఈధిలోకి రానీయండి సారూ. పిల్లకాయలందరూ, జెండాలు, ఇది. నాకింకేమీ వొద్దు. తోలేసింది నేను. నా గుమ్మం ముందు మోగితే ఇందామని ఉంది."

"వస్తాం" అన్నారు మాస్టారు.

ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు. అందుకే నాకు ఎక్కువ కష్టంగా ఉంటుంది.

ఆ ఏడు వంతెన పిట్టగోడ కూలి ఉందని, చిన్న పిల్లలతో ప్రమాదమని అన్నారు. పిట్టగోడ కట్టారు. తర్వాతి ఏడు వాన. వాన బజారులోనూ కురిసింది గానీ, పేటలో బురద ఎక్కువగా ఉంటుందట. ఇంకో ఏడు ముఖ్య అతిథి తొందరగా వచ్చేశారు. అతిథులు ఆలస్యంగా వచ్చిన ఏడు కూడా ఒకటి ఉంది. అప్పుడు పిల్లలు అప్పటికే అలసిపోయారన్నారు. మాస్టారు ప్రతిసారీ ముందుగానే అడిగేవారు. బడి కమిటీకి చైర్మన్ సాంబశివరావు గారే. ఆయన చాలా మర్యాదస్తుడు. ఎదురుగా కుర్చీ చూపించి కూర్చోబెట్టి మాట్లాడతారు.

"మేం వద్దన్నామా మాస్టారూ? ఎవరన్నా వద్దన్నారా, చెప్పండి. వీలు చూసుకుని వెళ్దాం. పేట మాత్రం మనది కాదా ఏంటి?"

నిజమే. ఆ ఊళ్లో ఎవరూ ఎప్పుడూ వద్దనలేదు. వద్దని ఒక్కరు అని ఉంటే మాస్టారు వాళ్లతో వాదించేవారు. ఆయనకు వాదించడానికి మనిషి దొరకలేదు. వీలు అనే మాట ఒక్కటే దొరికింది. వంతెన దగ్గరికి వచ్చేసరికి వెనక నుంచి ఎవరో సైగ చేసేవాళ్లు, ఆయన ఈల వేసేవారు.

ఒకసారి ఆటల గదిలో హైమవతి టీచరు ఆయన్ను అడిగారు. "మీరు ఆ ఈల వేయకుండా ఉంటే సరిపోదూ? పిల్లలు తిన్నగా నడుచుకుంటూ పోతారు."

"వేయకపోతే కాలవలో పడతారు హైమా."

ఆవిడ నవ్వలేదు. ఆయనా నవ్వలేదు.

ఆయన పోవడానికి ముందటి ఏడు ఇర్మియా మనవరాలు కెజియాకు నన్ను అప్పగించారు. పొడుగ్గా, బలంగా ఉంటుంది. లయ తప్పదు. అంతవరకు పెద్ద డ్రమ్ము ఎప్పుడూ మగపిల్లలదే. కొందరు గొణిగారు. మాస్టారు వినిపించుకోలేదు. పేట పిల్ల మెడలో ఉంటే డ్రమ్ము వంతెన దాటుతుందని ఆయన అనుకున్నట్టున్నారు. ఆ ఏడూ వంతెన దగ్గర ఈల వేయవలసి వచ్చింది. అవతలి గట్టు మీద ఇర్మియా నిలబడి ఉన్నాడు. కెజియా తాత వైపు చూస్తూనే వెనక్కి తిరిగింది. నా మీద పడిన తర్వాతి దెబ్బ లయలోనే ఉంది, కానీ చాలా గట్టిగా పడింది.

"వచ్చే ఏడు" అన్నారు మాస్టారు, పట్టీ విప్పుతూ.

వచ్చే ఏటికి ఆయన లేరు.

అది స్వాతంత్ర్యానికి డెబ్బై అయిదేళ్ల పండుగ. ఒక్క రోజు పండుగ కాదు, పదిహేను రోజులు చేయాలని పైనుంచి ఉత్తర్వులు వచ్చాయి. ఊళ్లో అంత సందడి నేనెప్పుడూ చూడలేదు. ముగ్గుల పోటీల్లో అందరూ ఒకే మూడు రంగులు వాడారు, న్యాయనిర్ణేతలు తలలు పట్టుకున్నారు. వ్యాసరచన పోటీలో స్వాతంత్ర్యం వల్ల కలిగిన లాభాలు రాయమంటే ఎనిమిదో తరగతి కుర్రాడొకడు సెలవు అని ఒక్క మాట రాసి కాగితం ఇచ్చేశాడు. కబడ్డీ ఆడించారు. వృద్ధులకు శాలువాలు కప్పారు. ఉక్కపోతలో శాలువా కప్పించుకున్న ఒక ముసలాయన, ఫోటో అయిందా, ఇక తియ్యొచ్చా అని అడిగాడు. ఇంటింటికీ జెండా ఇచ్చారు. జెండాలు పేటకు కూడా వెళ్లాయి. రేషన్ డీలరు అందరినీ వరుసలో నిలబెట్టి ఒక్కొక్కటి చేతిలో పెట్టాడు.

జెండాలు దాటాయి గనుక ఈసారి మేమూ దాటుతామని హైమవతి టీచరు అనుకున్నారు. హెడ్మాస్టరు గారు ఆటల గదికి వచ్చినప్పుడు, బాడ్మింటన్ రాకెట్లు చూస్తూ ఉండగా, ఆవిడ అడిగారు.

"సార్, ఈసారి ప్రభాత భేరి పేటలోకి వెళ్లాలి. మావారు ఏటా అడిగేవారు."

"నాకు తెలుసమ్మా. ఆయన పేరున ఏదైనా చేద్దామని మేమూ అనుకుంటున్నాం. వాలీబాల్ కప్పుకు ఆయన పేరు పెడదాం."

"కప్పు వద్దు సార్. ఊరేగింపు పేటలోకి వెళ్తే చాలు."

"అదీ చూద్దాం. ముందు మీరు మనసు కుదుటపరచుకోండి. ఇప్పుడిప్పుడే ఇవన్నీ నెత్తిన వేసుకోకండి."

ఆవిడ అడిగింది దారి. ఆయన విన్నది దుఃఖం. ఆ తర్వాత కూడా అలాగే జరిగింది. పేట సంగతి ఆవిడ ఎత్తినప్పుడల్లా అవతలివాళ్ల గొంతు మెత్తబడేది. నీళ్లు తాగుతారా అని అడిగేవాళ్లు. కప్పుకు పేరు పెట్టారు. ఆటస్థలంలో ఒక సిమెంటు బెంచీ వేశారు. మాస్టారి ఫోటో పెద్దది చేయించారు. ఆయన అడిగింది తప్ప ఆయన కోసం అన్నీ చేశారు.

ఇంతలో సాంబశివరావు గారికి పెద్ద జెండా ఆలోచన వచ్చింది. పక్క మండలంలో ఎవరో వీధి పొడుగు జెండా పట్టుకుని పిల్లలు నడిచిన ఫోటో పేపర్లో చూశారు. మనది అంతకంటే పొడుగుండాలన్నారు. బడి వరండాలో కుట్టుమిషన్లు పెట్టించి, మూడు రంగుల గుడ్డ తానులు తానులుగా కుట్టించారు. కుట్టేకొద్దీ అది వరండా దిగి, ఆటస్థలంలోకి పోయి, మాస్టారి బెంచీని చుట్టి వెనక్కి వచ్చింది. హెడ్మాస్టరు గారు దాని కొలత చూసి, హైమవతి టీచరును పిలిచారు.

"టీచరుగారూ, మీ కోరిక తీరింది. ఇంత జెండా బడి గేటు నుంచి వంతెన దాకా పట్టదు. ముందువాళ్లు వంతెన దాటి పేటలోకి వెళ్లక తప్పదు."

"తప్పక వెళ్తున్నామన్న మాట" అన్నారు ఆవిడ.

"ఏదో ఒకటి. వెళ్తున్నాం కదా."

ఆవిడ "పేటలో చర్చి దాకా వెళ్లి తిరుగుదాం సార్" అన్నారు. ఆయన తల ఊపారు. ఆ తల ఊపడం నేను చూశాను. నేను అబద్ధం చెప్పడం లేదు.

ఆగస్టు పదిహేను ఉదయం కెజియా వరండా చివర పాత పేపర్లు మండించి, ఆ సెగకు నన్ను తిప్పుతూ కాచింది. తాత దగ్గర నేర్చుకున్న పని. హైమవతి టీచరు పక్కన నిలబడ్డారు.

"మా తాత చొక్కా ఇస్త్రీ చేయించాడు టీచర్. పెళ్లికి గూడా చేయించలేదంట, మా నాయనమ్మ దెప్పతా ఉంది."

"నాయనమ్మ ఏం చేస్తోంది?"

"గ్లాసులన్నీ తోమి బోర్లించింది. నిమ్మకాయ నీళ్లు కలిపింది, రెండు బిందెలు. పంచదార ఎక్కువైంది టీచర్, చెప్పినా ఇనదు. ఊళ్లోవాళ్లొత్తన్నారు, సప్పగా ఉంటే పరువు పోద్దంటది. ఈధంతా కడిగారు. మా బాబాయి ఇంటి ముందు ముగ్గులో జెండా ఏశాడు. చక్రం గీయడం రాక సైకిలు చక్రం ఆనించి గీశాడు."

ఆవిడ నవ్వారు. మాస్టారు పోయాక ఆవిడ నవ్వడం నాకు వినపడింది అప్పుడే.

బయలుదేరాం. అందరికంటే ముందు పూలదండ వేసిన మాస్టారి ఫోటో. ఇద్దరు పిల్లలు చెరోపక్క పట్టుకున్నారు. ఫోటో వెనక నేను, నా పక్కన హైమవతి టీచరు, నా వెనక చిన్న డ్రమ్ములు, వాటి వెనక జెండా. జెండాకు రెండు వైపులా పిల్లలు అంచులు పట్టుకుని నడిచారు. బజారులో వాళ్లు అరుగుల మీదికి ఎక్కి చూశారు. నిజంగా బాగుంది. మనుషులు పది మంది ఒక పని మీద కలిసి నడిస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఎంత విసిగినా ఆ గుణం పోలేదు.

పంచాయతీ ఆఫీసు దాటాం. మిల్లు దాటాం. గట్టు ఎక్కాం. ఈల వేసే మనిషి లేడు. కెజియా అడుగు తడబడలేదు. మేం వంతెన ఎక్కాం. అవతలి చివర పేట మొత్తం నిలబడి ఉంది. తెల్ల చొక్కాలో ఇర్మియా ముందున్నాడు. పక్కన ఒక ముసలామె పళ్లెం నిండా గ్లాసులు పట్టుకుని ఉంది. వాళ్ల ముఖాలు తెలుస్తున్నాయి. వంతెన సగానికి వచ్చాం.

అప్పుడు వెనక నుంచి మైకులో కేక వినపడింది.

"ముందువాళ్లు ఆగండి! ఆగండమ్మా ముందువాళ్లు! చెట్టు కిందికి పోతే ఫోటోలో పడరు!"

ఫోటోగ్రాఫరు మిల్లు డాబా మీద ఉన్నాడు. వంతెనకు అవతల పక్క పెద్ద నిద్రగన్నేరు చెట్టు ఉంది. జెండా దాని కిందికి పోతే పొడుగు తగ్గి కనపడుతుంది. అందరూ నిలబడ్డారు. జెండా పైకెత్తమన్నారు, ఎత్తారు. ఊపమన్నారు, ఊపారు. నవ్వమన్నారు. డాబా మీది కెమెరాకు నవ్వు ఎలా కనపడుతుందో నాకు తెలియదు, కానీ పిల్లలు నవ్వారు. ఇర్మియా అక్కడే నిలబడి ఈ తతంగమంతా చూశాడు.

ఫోటోలు అయ్యాయి. మళ్లీ మైకు.

"ముఖ్య అతిథి గారు బడికి వచ్చేశారు. వారు ఇంకా రెండు బడులకు వెళ్లాలి. అందరూ వెనక్కి తిరగండి!"

అంత పొడుగు జెండా ఆ ఇరుకు గట్టు మీద మలుపు తిరగడం ఎవరి తరమూ కాదు. సాంబశివరావు గారికి ఉపాయం తట్టింది. జెండాను తిప్పవద్దు, పిల్లలు నిలబడ్డ చోటనే వెనక్కి తిరిగితే చాలన్నారు. అందరూ తిరిగారు. బడి గేటు దగ్గరున్న చివరివాళ్లు మొదటివాళ్లయ్యారు. మొదటివాళ్లం చివరివాళ్లమయ్యాం. పని చిటికెలో అయిపోయింది. ఎప్పుడూ లేనంత చక్కగా వెనక్కి తిరిగిన ప్రభాత భేరి అదే.

ఎవరికో మాస్టారి ఫోటో గుర్తొచ్చింది. "ఫోటో ముందుండాలి రా, ముందుకు పట్టుకురండి!" అని అరిచారు. ఫోటో పట్టుకున్న పిల్లలిద్దరూ గట్టు దిగి జెండా పక్కనుంచి పరుగెత్తారు. దండ ఊగుతూ ఉంది. వెళ్లిపోయారు. జెండా, దాని వెనకే చిన్న డ్రమ్ములు, మా ఎదుటి నుంచి మెల్లగా కదిలి దూరమయ్యాయి. వంతెన మీద నేను, నన్ను మెడలో వేసుకున్న కెజియా, హైమవతి టీచరు మిగిలాం.

ఆవిడ ముఖం ఎర్రబడింది. "నువ్వు వెళ్లు కెజియా" అన్నారు. "వాయించుకుంటూ మీ వీధి చివరి దాకా వెళ్లు. నేను నీ వెనక వస్తాను. ఎవరేమన్నా నేను చూసుకుంటాను."

కెజియా కదలలేదు.

"నేనొక్కదాన్నే ఎల్తే అది ప్రభాత భేరి కాదు టీచర్. బడి వదిలాక ఇంటికి పోవడం. అది రోజూ చేసేదే."

 ఆ పిల్ల చెప్పింది సరైన మాట. ఊరు రావాలి. డ్రమ్ము రావడం కాదు. నేను ఇంతకు ముందే ఒకసారి వెళ్లాను, సైకిలు వెనక.

ఇర్మియా నెమ్మదిగా వంతెన మీదికి నడిచి వచ్చాడు. ఇస్త్రీ మడతలు ఇంకా నలగలేదు. నా కుడి పక్క తోలు మీద అరచెయ్యి ఆనించి చూశాడు.

"బాగానే కాచింది" అన్నాడు మనవరాలిని ఉద్దేశించి. తర్వాత టీచరు వైపు తిరిగాడు. "ఏడుకేడు దగ్గిరికే వత్తన్నారు టీచరమ్మా. నిరుడు గట్టు మీద ఆగారు. ఈ ఏడు నడిమికొచ్చారు. ఇట్టా అయితే నా మనవరాలి మనవరాలి పెళ్లి టయానికి మా గుమ్మంలోకి వచ్చేత్తారు."

"నన్ను క్షమించు ఇర్మియా" అన్నారు ఆవిడ.

"మిమ్మల్నేం అన్నాను తల్లీ? సారుండగా ఆయన్నీ అన్లేదు. ఇద్దరూ మంచోళ్లే. మంచోళ్లతోనే అయ్యే పని కాదేమో ఇది."

ముసలామె వచ్చి గ్లాసు అందించింది. టీచరు తాగారు. "తీపి సరిపోయిందా అమ్మా?" అని అడిగింది ముసలామె. సరిపోయిందని ఆవిడ చెప్పారు. ఇంకో గ్లాసు ఇచ్చింది. అదీ తాగారు. రెండు బిందెల నిమ్మకాయ నీళ్లు ఆ ఒక్క మనిషీ ఎంతని తాగగలదు?

బడికి వెళ్లేసరికి జెండా ఎగిరింది. ముఖ్య అతిథి మాట్లాడుతున్నారు. మన పెద్దలు కోరుకున్న సమానత్వం ఈ రోజు ములకలపాడు వీధుల్లో ఒకే జెండా కింద నడిచిందని అన్నారు. చప్పట్లు కొట్టారు. కెజియాను వాయించమన్నారు. వాయించింది. నేను మోగాను. మోగకుండా ఉండగలిగే శక్తి నాకు లేదు. నా జాతికి ఉన్న పెద్ద లోపం అది.

మర్నాడు ఫోటో పేపర్లో పడింది. సాంబశివరావు గారు దానికి ఫ్రేము కట్టించి, హెడ్మాస్టరు గదిలో పెట్టించారు. హైమవతి టీచరును పిలిచి చూపించారు. అప్పుడు నేను ఆ గది బయటే ఉన్నాను.

"చూశారా అమ్మా, మాస్టారి ఫోటో ఎంత స్పష్టంగా పడిందో."

"పేట పడలేదండి."

"చెట్టు అడ్డం వచ్చింది కదమ్మా. అయినా వంతెన మీదికి వచ్చాం. ఇదివరకు అదైనా లేదు. ఎవరన్నా వద్దన్నారా?"

"ఎవరూ వద్దనలేదండి" అన్నారు ఆవిడ. "అందుకే నాకు ఎవరి మీద కోప్పడాలో తెలియడం లేదు."

ఆయన నొచ్చుకున్నారు. నిజంగానే నొచ్చుకున్నారు. ఇంత చేసినా అన్నట్టుగా చూశారు.

కెజియా పదో తరగతి పాసై బందరు కాలేజీలో చేరింది. ఆ వానాకాలం ఆటల గది కప్పు కారి, నా ఎడమ పక్క తోలు నాని, ఎండి, పగిలింది. బడికి కొత్త బ్యాండు సెట్టు వచ్చింది. వాటికి తోలు ఉండదు, ప్లాస్టిక్ రేకు. చెమ్మకు మెత్తబడవు, సెగ అక్కర్లేదు. నన్ను పాత ఇనుముకు వేసేద్దామన్నారు. హైమవతి టీచరు ఒప్పుకోలేదు. ఇర్మియాకు కబురు పెట్టారు. ఆయనే బడి దాకా వచ్చి, నన్ను చూశాడు.

"ఏత్తాను టీచరమ్మా. నా దగ్గిర మంచి తోలుంది. కానీ ఈసారి సైకిలు మీద కట్టి తేవొద్దు. మోగుకుంటా రావాలి. పిల్లకాయలందరితో రావాలి. అప్పుడేత్తా."

"చిరిగింది ఎలా మోగుతుంది?"

"రెండో పక్క ఉంది గదా. నేనేసిందే. ఇంకా గట్టిగానే ఉంది."

ఆయన మొండివాడు కాదు. అడగవలసినంత కాలం మెత్తగా అడిగాడు. ఇప్పుడు అడగడం మానేసి, పని ఆపాడు. ఆవిడకు కోపం రాలేదు. తల ఊపి, నాకు గుడ్డ కప్పారు.

ఇప్పుడు నేను ఆటల గదిలో, విరిగిన హర్డిల్సుకూ గాలి పోయిన వాలీబాళ్లకూ మధ్య ఉన్నాను. పండుగ వచ్చినప్పుడల్లా కొత్త డ్రమ్ములు నా ముందు నుంచి బయటికి వెళ్తాయి. వాటి మోత వింటూ అవి ఎక్కడున్నాయో చెప్పగలను. బజారు. పంచాయతీ. మిల్లు. గట్టు ఎక్కాక కాసేపు మోత ఆగుతుంది. తర్వాత అది మళ్లీ మిల్లు వైపు నుంచి వినపడుతుంది.

హైమవతి టీచరు ఈ జూలైలో కూడా హెడ్మాస్టరు గదికి వెళ్లి అడిగారు. ప్రకాశరావు గారు బదిలీ మీద వెళ్లారు, ఇప్పుడు కొత్తాయన. మంచివాడే. వీలు చూద్దామన్నారు.

ములకలపాడు ప్రభాత భేరి ఇంతవరకు పేటలోకి వెళ్లలేదు.